వేషము, ఓటు, జనవాక్యము: ఒక చారిత్రక పరిశీలనము

ప్రసిద్ధులను గూర్చి జనులు తీరికవేళల నాడుకొను మాటలు సాధారణముగా పుట్టినచోటనే అణగిపోవును. రచ్చబండపై, కాఫీహోటలులో, రైలుపెట్టెలో, ఇటీవలి కాలమున టెలివిజన్ ముందు, నటులను గూర్చియు నాయకులను గూర్చియు ఎన్ని తీర్పులు చెప్పబడునో లెక్కలేదు. కాని వానిలో కొన్ని మాత్రము నోటినుండి నోటికి నడచి, పత్రికలకెక్కి, తుదకు గ్రంథములలో ప్రవేశించి సిద్ధాంతములై కూర్చుండును. అట్టి మాటలలో ఒకదానిని పరీక్షించుట ఈ వ్యాసమున కుద్దేశము. "ఆంధ్రులు రామారావును శ్రీకృష్ణుడని నమ్మి ఓట్లు వేసిరి" అనునదే ఆ మాట.

నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని ప్రకటించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసెను. నడుమ గడచినవి తొమ్మిది నెలలు మాత్రమే. ఇంత త్వరగా జరిగిన మార్పునకు ఇంతకంటె త్వరగా దొరకు కారణము ఇంకొకటి లేదు కాబోలు, నాటినుండి ఈ మాట చలామణిలో నున్నది. పరిశోధక విద్యార్థుల వ్యాసములలో సయితము ఇది ఋజువు అక్కరలేని విషయమువలె దొరలుచుండును. చూచుటకు ఇది నటునిపై పొగడ్తవలె నుండును గాని, నిజమునకు ఓటరుపై తీర్పు. వేషమునకును మనిషికిని గల భేదము తెలియనివాడు తెలుగు ఓటరు అని దీని తాత్పర్యము. కోట్లకొలది జనుల వివేకమును గూర్చిన తీర్పును సాక్ష్యము చూడక అంగీకరించుట చరిత్రకారునకు తగదు.

ఇట్టి మాటలను పరీక్షించు పద్ధతి తెలుగు పండితులకు తెలియనిది కాదు. చాటువులపై వారు పడిన శ్రమయే అందుకు నిదర్శనము. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిని కూర్చి యుండనిచో ఎన్నో పద్యములు ఈపాటికి రూపుమాసి యుండెడివి. వానిలో శ్రీనాథుని పేర చెల్లునవి అనేకము. పలనాటి తిండిని, నీటియెద్దడిని ఎత్తిపొడుచునవి కొన్ని. అవసానదశలో కవిసార్వభౌముడు పన్ను కట్టలేక పడిన పాట్లను చెప్పునవి కొన్ని. ఇవి శ్రీనాథుడు చెప్పినవేనా యను వివాదము చిరకాలము నడచినది. 1998లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు చాటువులపై గ్రంథము ప్రకటించిన తరువాత మన చూపు కొంత మారినది. ఒక చాటువు శ్రీనాథుని జీవితమునకు సాక్ష్యము కాకపోవచ్చును. శ్రీనాథుని అట్లు తలచుకొన్న తరువాతి తరములవారి రుచికిని తీర్పునకును మాత్రము అది సాక్ష్యమే. ఎవరిని గూర్చి చెప్పబడినదో వారికంటె, ఎవరు చెప్పుకొనిరో వారినే అది ఎక్కువగా పట్టియిచ్చును.

ఈ సూత్రమును మన జనవాక్యమునకు వర్తింపజేసి చూతము. ఇందలి క్రియను గమనింపుడు. "మేము నమ్మితిమి" అని ఈ మాట ఉత్తమపురుషలో వినబడుట మిక్కిలి అరుదు. "వారు నమ్మిరి" అని ప్రథమపురుషలోనే ఇది తిరుగుచుండును. చెప్పువాడు ఎల్లప్పుడును నమ్మనివాడే. నమ్మినవాడు ఎల్లప్పుడును దూరపు పల్లెలో నుండువాడు, చదువురానివాడు. ఓడిన పక్షమువారికి ఇది ఓదార్పు. ఢిల్లీనుండి వచ్చిన విలేకరికి ఇది ఒక్క వాక్యములో ముగియు వివరణము. పట్టణపు చదువరికి ఇది తన చదువునకు ప్రశంస. ముగ్గురికిని పనికివచ్చిన మాట గనుకనే ఇది బ్రదికినది. 1991లో చిదానందదాస్ గుప్తా ప్రకటించిన 'ది పెయింటెడ్ ఫేస్' వంటి గ్రంథములు ఈ ధోరణికి పండితగౌరవమును గూడ చేకూర్చినవి. పురాణమునకును వాస్తవమునకును నడుమ గల హద్దు సామాన్య ప్రేక్షకుని మనస్సులో పలుచబడినది యనునది ఆ వాదము. ఎస్.వి. శ్రీనివాస్ 2013లోను, ఎం. మాధవప్రసాద్ 2014లోను ప్రకటించిన గ్రంథములు ఈ మార్గమును విడిచి, చలనచిత్ర పరిశ్రమ చరిత్రలోను భాషారాష్ట్రముల రాజకీయములలోను కారణములను వెదకినవి. అయినను వారిరువురును అంతగా చూడని ఒక సాక్ష్యము మన నాటకరంగమున కలదు. అది సినిమాకంటె పాతది.

తెలుగు ప్రేక్షకుడు సినిమాతో పుట్టినవాడు కాడు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఊరూర ఆడబడుచున్న దినములలో 'కురుక్షేత్రము' పేర కాంట్రాక్టు నాటకములు నడచెడివి. వేర్వేరు సమాజములలోని పేరుగల నటులను ఒక రాత్రికి ఒకచోట చేర్చి ఆడించునవి కాంట్రాక్టు నాటకములు. వాని కరపత్రములను చూచినవారికి తెలియును: అందు కృష్ణుడు ఒక్కడు కాడు. పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారములో ఒక కృష్ణుడు, యుద్ధరంగమున మరియొక కృష్ణుడు. మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అని వరుసగా నటుల పేర్లు అచ్చుపడియుండును. ఒకే నాటకమున, ఒకే రాత్రి, ఒకే పందిరిలో ముగ్గురు కృష్ణులను చూచుటకు జనము బండ్లు కట్టుకొని వచ్చెడివారు. ఎవని రాగము దీర్ఘము, ఎవని వాచికము స్పష్టము, ఎవడు తాళము తప్పెను అని తెల్లవారి ఇంటికిపోవు దారిలో తర్కించుకొనెడివారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు మున్నగువారి కీర్తి ఈ తర్కములనుండి పుట్టినదే గాని వారిని దేవుళ్ళని ఎవరో భ్రమపడుటవలన పుట్టినది కాదు.

'వన్స్‌మోర్' సంగతియు ఇట్టిదే. కౌరవసభలో రాయబారము నడుచుచుండగా పద్యము రక్తి కట్టెనా, సభ ఆగిపోవును; కృష్ణుడు మరల అదే పద్యమును అందుకొనును. మెచ్చినవాడు నోటు చదివించును, మెచ్చినవాని పేరు రంగముపైనుండియే వినబడును, ఆపైన కథ సాగును. దీనిని రసభంగమని తిట్టిన విమర్శకులు పలువురు. వారి కోపము న్యాయమైనదే కావచ్చును. కాని మన ప్రస్తుత విషయమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము లేదు. దేవుని చేత పద్యము మరల పాడించుకొనువాడు, నచ్చకపోయినచో ఈలవేసి దింపివేయువాడు, తాను చూచుచున్నది వేషమని ఎరుగనివాడా? భక్తియు తీర్పును ఒకే మనస్సులో పక్కపక్కనే యుండుట మన ప్రేక్షకునకు అలవాటు.

వెండితెరపై కృష్ణవేషము చరిత్రయు ఈ అలవాటుతోనే నడచినది. రామారావు కృష్ణుడుగా పుట్టుకతోనే అంగీకరింపబడెనని నేడు తోచును. జరిగినది వేరు. 'సొంతవూరు' (1956) చిత్రమున ఆయన కొద్దిసేపు కృష్ణుడుగా కనబడగా జనము మెచ్చలేదు. అందుచేతనే 'మాయాబజారు' కృష్ణవేషమునకు ఆయన తొలుత జంకెను. 1957 మార్చిలో ఆ చిత్రము విడుదలైన పిమ్మటనే ఆ రూపము స్థిరపడినది. అనగా దేవుని వేషమును జనము ఒకమారు త్రోసిపుచ్చి, మరల పరీక్షించి ఆమోదించినది. అటుపిమ్మట గూడ ఆ వేషము ఆయనకే చెందిన సొత్తు కాలేదు. 'నర్తనశాల'లో (1963) రామారావు అర్జునుడు, బృహన్నల, కృష్ణుడు కాంతారావు. అదే రామారావు 'భూకైలాస్'లోను (1958), 'సీతారామకల్యాణము'లోను (1961) రావణుడు. 'శ్రీకృష్ణపాండవీయము'లో (1966) కృష్ణుడును దుర్యోధనుడును తానే. ఆ రావణుని ఠీవిని మెచ్చుకొన్న జనము ఆయనను రాక్షసుడని తలపలేదు గదా. వేషము దేవునిదైనప్పుడు మాత్రము వారికి తెలివి తప్పినదనుట ఏ తర్కమునకు నిలుచును?

1977 సంక్రాంతినాడు జరిగిన దానిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. జనవరి 14వ తేదీననే రెండు భారతకథలు విడుదలైనవి. 'దానవీరశూరకర్ణ'లో రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు. 'కురుక్షేత్రము'లో శోభన్‌బాబు కృష్ణుడు, కృష్ణ అర్జునుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఒకే పండుగకు ఇద్దరు కృష్ణులు వీధిలో పోటీపడిరి. కాంట్రాక్టు నాటకపు కరపత్రము గోడకెక్కినట్లయినది. గెలిచిన చిత్రములోనైనను జనులు నోటికి వచ్చునట్లు నేర్చుకొన్నవి కృష్ణుని మాటలు కావు, దుర్యోధనుని సంభాషణములు.

పార్టీ పెట్టుటకు ముందు రెండుమూడేండ్ల చిత్రములను చూచినచో మన జనవాక్యము ఇంకను బలహీనపడును. 'సర్దార్ పాపారాయుడు' 1980, 'కొండవీటి సింహం' 1981, 'జస్టిస్ చౌదరి', 'బొబ్బిలిపులి' 1982. ఎన్నికలనాటికి జనము కండ్లయెదుట తాజాగా నున్నవాడు స్వాతంత్ర్యవీరుడు, పోలీసు అధికారి, న్యాయమూర్తి, సైనికుడు. వేషమే ఓటునకు కారణమనువారు కనీసము ఏ వేషమో సరిగా చెప్పవలసియున్నది.

ఇక రాజకీయకారణములు చూతము. 1978 మార్చినుండి 1983 జనవరివరకు ఐదేండ్లు నిండకమునుపే రాష్ట్రమునకు నలుగురు ముఖ్యమంత్రులైరి: మర్రి చెన్నారెడ్డి, టి. అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. మార్పులన్నియు ఢిల్లీలో నిర్ణయమైనవి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయమున అంజయ్యకు రాజీవ్‌గాంధీ చేత జరిగిన అవమానము పల్లెలలో సయితము కథగా చెప్పుకొనబడెను. 'ఆత్మగౌరవము' అను మాట ఆ గాయమునకు సరిపోయిన మాట. 1974లో విశాఖపట్టణమున మొదలైన 'ఈనాడు' ఆ మాటను జిల్లాజిల్లాకు మోసికొనిపోయెను. చైతన్యరథముపై నిలిచి రామారావు ఊరూర తిరిగెను. కిలో బియ్యము రెండు రూపాయలకు ఇత్తునన్న వాగ్దానము చేసెను. టెలివిజన్‌కు ఈ గెలుపులో చెప్పుకోదగిన పాలు లేదు. ఉపగ్రహము ద్వారా 1975–76లో ఒక సంవత్సరము కొన్ని పల్లెలకు ప్రసారములు వచ్చినను, హైదరాబాదు దూరదర్శన్ 1977లో వెలసినను, అది ప్రభుత్వపు గొంతు, చూచువారును కొద్దిమంది.

294 స్థానములలో 201 తెలుగుదేశమునకు వచ్చినవి. అటుపై జరిగిన దానిని జనవాక్యము వివరింపలేదు. 1984 ఆగస్టు 16న రామారావు పదవి పోయి, ఒక నెలకు, సెప్టెంబరు 16న, మరల వచ్చెను. 1985లో ఆయన మరల గెలిచెను. 1989లో పార్టీకి 74 స్థానములే మిగిలినవి, కాంగ్రెసునకు 181. హిందూపురములో గెలిచిన రామారావు కల్వకుర్తిలో ఓడెను. నమ్మిన దేవుని కల్వకుర్తివారు ఓడించిరా? నడుమ గడచిన ఆరేండ్లలో ఉద్యోగుల పదవీవిరమణవయస్సును 58నుండి 55కు తగ్గించుట, కరణ మునసబుల వ్యవస్థను తీసివేయుట, మండలములను నెలకొల్పుట, ఆడపిల్లలకు ఆస్తిలో సమభాగమిచ్చు చట్టము చేయుట మొదలగు పనులు జరిగినవి. మెచ్చినవారు మెచ్చిరి, నొచ్చినవారు నొచ్చిరి. ఓటరు లెక్క వేసికొనెను. ప్రతిపక్షనాయకుడుగా నుండి ఆయన స్వయముగా దర్శకత్వము వహించి నటించిన 'బ్రహ్మర్షి విశ్వామిత్ర' (1991) పౌరాణికమే. జనము దానిని ఆదరింపలేదు. అదే జనము 1994 డిసెంబరులో ఆయన పార్టీకి 216 స్థానములిచ్చిరి. సినిమాకు ఒక తీర్పు, ప్రభుత్వమునకు ఒక తీర్పు.

భక్తి లేదని నా వాదము కాదు. తిరుమల దర్శనము ముగించుకొని, బస్సులలో మద్రాసునకు పోయి రామారావు ఇంటిముందు నిలుచుండిన యాత్రికుల సంగతి లోకవిదితము. కృష్ణవేషపు పటములు ఇండ్ల గోడలపై వ్రేలాడినవి. ఆయనయు కాషాయము ధరించి ఆ భావమునకు దోహదము చేసెను. కాని నమస్కారము వేరు, ఓటు వేరు. నమస్కరించిన చేతితోనే 1989లో వేరొక గుర్తుపై ముద్ర వేసినవారు ఎందరో యుండకున్నచో ఆ ఫలితము రాదు.

ఈ వేరుపాటు మన జనులకు ఎంత సహజమో పరిహాసము చక్కగా చూపును. మాచుపల్లి కైఫియతులో ఒక కథ కలదు. సిద్ధవటపు పాలకుడు సమ్మెట గురవరాజు ప్రజలను హింసించు తీరును కూచిపూడి భాగవతులు విజయనగరప్రభువు ఎదుట ప్రదర్శించిరట. ప్రభువు సంగతి గ్రహించి గురవరాజును దండించెనట. పైన చెప్పిన సూత్రము ప్రకారము ఇది జరిగినదా లేదా యనుటకంటె, వేషగాడు పాలకుని తప్పు చెప్పగలడని పల్లెకరణము వ్రాసిపెట్టుకొనుట ముఖ్యము. పగటివేషములవారును ఊరి పెద్దల ఎదుటనే వారివంటివారిని అనుకరించి, వారివద్దనే బియ్యము, బట్ట పుచ్చుకొనెడివారు.

ముఖ్యమంత్రియైన నటునిపై ఈ విద్య సినిమారూపమున తిరుగబడుట 1986–89 నడుమ కాలపు విశేషము. 'నా పిలుపే ప్రభంజనం' (1986), 'మండలాధీశుడు' (1987), 'గండిపేట రహస్యం' (1989), 'సాహసమే నా ఊపిరి' (1989) ఈ కోవలోనివి. కాషాయము, తలపాగా, సాగదీసిన గ్రాంథికపు పలుకు, చేయి త్రిప్పు తీరు — నవ్వించుటకు ఇవి చాలినవి. వీనిలో కొన్నింట నటించిన కృష్ణ 1989లో కాంగ్రెసు పక్షమున ఏలూరునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను గావున ఇవి నిష్పక్షపాతపు నవ్వులు కావు. కళగా గూడ ఇవి మొరటువి. మండలాధీశుని వేషము ధరించిన కోట శ్రీనివాసరావు నటన ఒక్కటే నేటికి నిలువదగినది. విజయవాడలో అభిమానులు తన్ను కొట్టిన వైనమును ఆయన తరువాత బహిరంగముగనే చెప్పెను. ఆ అభిమానుల కోపమును దేవదూషణకు వచ్చిన కోపమని కొందరు వ్యాఖ్యానింతురు. అట్లయినచో కొట్టవలసినది కృష్ణుని అనుకరించినవానిని. కోట అనుకరించినది ముఖ్యమంత్రిని. అది కక్షిదారుల కోపము, పార్టీ కోపము.

టెలివిజన్ బలపడిన తరువాత ఇదే పరీక్ష ఉత్తరదేశమున జరిగినది. దానిని చూచినచో మన ఓటరుపై వేసిన ముద్ర అక్కడివారిపైనను నిలువదని తెలియును. 1987 జనవరినుండి 1988 జూలైవరకు దూరదర్శన్ 'రామాయణ్' ప్రసారమగు ఆదివారములలో వీధులు నిర్మానుష్యమయ్యెడివి; టెలివిజన్ పెట్టెకు పూలదండ వేసినవారు గలరు. ఆ దినములలోనే, 1988లో, రాముడుగా నటించిన అరుణ్ గోవిల్ అలహాబాదు ఉపఎన్నికలో కాంగ్రెసునకై ప్రచారము చేసెను. గెలిచినవాడు విశ్వనాథ ప్రతాప్ సింగ్. 1991లో సీత పాత్రధారిణి దీపిక బరోడానుండి భారతీయ జనతా పార్టీ పక్షమున లోక్‌సభకు ఎన్నికయ్యెను. అదే ఎన్నికలో, అదే పార్టీ పక్షమున, సబర్‌కాంఠానుండి ఎన్నికైనవాడు అరవింద్ త్రివేది. ఆయన ధరించినది రావణవేషము. గుజరాతు ఓటరు రాముని భక్తుడై రావణునకు ఓటు వేసెనని ఎవరును సిద్ధాంతము చేయలేదు. అక్కడ గాలి ఏ పార్టీవైపు వీచుచుండెనో అందరికిని తెలిసినదే.

తెలుగునాట తరువాతి నటనాయకుల కథ చెప్పుటకు ఇంతకంటె ఎక్కువ స్థలము అక్కరలేదు. చిరంజీవి 2008 ఆగస్టులో ప్రజారాజ్యమును స్థాపించెను. అప్పటికి ఇంటింట వార్తాచానెళ్ళు వచ్చియున్నవి. ఆయన ముఖము చూపని గంట లేదు. 2009లో 18 స్థానములు వచ్చినవి. తిరుపతిలో గెలిచిన ఆయన తన జిల్లాలోని పాలకొల్లులో ఓడెను. 2011లో పార్టీ కాంగ్రెసులో కలిసినది. పవన్ కల్యాణ్ జనసేనకు 2019లో వచ్చినది ఒక్క స్థానము. గాజువాక, భీమవరము రెండింటను ఆయన ఓడెను. 2024లో పొత్తులో పోటీచేసిన 21 శాసనసభాస్థానములను 21యును ఆ పార్టీ గెలిచినది. ఐదేండ్లలో మారినది నటుని ముఖము కాదు.

ఈ విషయమున పనిచేయదలచిన విద్యార్థులు ఎన్నికల పట్టికలతో ఆగిపోక, తేలికమాటలు అచ్చులో నిలిచిన చోట్లను వెదకవలెను. 1966లో మొదలైన 'విజయచిత్ర', 1976లో మొదలైన 'సితార' మున్నగు పత్రికల ప్రశ్నోత్తరములు, పాఠకుల లేఖలు, థియేటరులలో అమ్మిన పాటలపుస్తకములు, పద్యనాటకముల కరపత్రములు ఇందుకు మూలసామగ్రి. ముందుగా చూడదగినవి 1977 జనవరి, ఫిబ్రవరి, మార్చి సంచికలు. ఆ సంక్రాంతికి వచ్చిన ఇద్దరు కృష్ణులలో ఎవరి కిరీటము కుదిరినది, ఎవరి నడక కుదరలేదు అని తెనాలినుండియు నల్లగొండనుండియు కార్డుముక్కపై వ్రాసి పంపినవారే ఆరేండ్లకు పోలింగు కేంద్రముల ముందు వరుసలో నిలుచున్నవారు.